హారన్ దేవసహాయం

బందరు దాటి గుడివాడ రోడ్డు పట్టుకుని కాస్త దూరం వెళ్తే, కుడిచేతి వైపు మునిసిపాలిటీ వాళ్ల మంచినీళ్ల చెరువు, దాని వెనకాల రేకుల కప్పుతో పొడుగాటి షెడ్డు ఒకటి కనిపిస్తాయి. గేటు మీద బోర్డుంది. దాని మీద రాసిన పేరు ఎంత పొడుగంటే, పూర్తిగా చదివినవాడు మా ఎరికలో ఒక్కడూ లేడు. జనం దాన్ని గ్యాసు షెడ్డంటారు. లోపల రెండు ఇంజన్లు. భూమిలోంచి తీసిన గ్యాసు గొట్టంలో వస్తుంది, దాంతో ఇంజను తిరుగుతుంది, ఇంజను తిరిగితే కరెంటు పుడుతుంది. అలాగని అవి రోజంతా తిరుగుతాయనుకునేరు! పొద్దుగూకే వేళ ఊరంతా ఒక్కసారిగా లైట్లూ ఫ్యాన్లూ ఏసీలూ మోటార్లూ వేస్తుంది చూడండి, అప్పుడు పైనుంచి వచ్చే కరెంటు చాలక లైన్లు కోసేస్తారు. అదిగో ఆ వేళకి విజయవాడ కరెంటాఫీసు నుంచి ఫోనొస్తుంది, షెడ్డు నడపండని. ఆ కాస్త సేపే వాటికి పని. మిగతా పొద్దంతా ఆ షెడ్డు మొహం చూసే నాథుడుండడు.

అందులో సాయంత్రం డ్యూటీ ఆపరేటరు దేవసహాయం. సన్నగా పొడుగ్గా ఉంటాడు, యాభై దాటాయి, నవ్వితే పైపళ్లు రెండూ బయటికొస్తాయి. షెడ్డు కట్టిన కొత్తలో కాంట్రాక్టు మీద చేరాడు, ఇప్పటికీ కాంట్రాక్టే. మునిసిపాలిటీలో ఛైర్మన్లు మారారు, కమిషనర్లు మారారు, ఇతని ఉద్యోగం మాత్రం ఏ ఏటికా ఏడు పొడిగించుకుంటూ వచ్చారు. "పర్మినెంటు ఎప్పుడు చేస్తారండీ" అని అడగడానికి వెళ్లి, టీ తాగి తిరిగొచ్చే రకం మనిషి. ఆయన భార్య ఆనందమ్మకి ఇది తల్చుకుంటేనే ఒళ్లు మండేది. "నోరుంది దేనికయ్యా నీకు?" అనేది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, నోరు లేని ఆ మనిషికి ఒక హారన్ ఉంది.

ఇంజను వేసే ముందు హారన్ కొట్టాలన్నది రూలు. ఇంజను దగ్గర ఎవరైనా తుడుస్తూనో, బోల్టు బిగిస్తూనో ఉంటే పక్కకు తప్పుకోవాలి గదా, అందుకు. హారన్ కొట్టి, కాస్త ఆగి, అప్పుడు ఇంజను తిప్పాలి. షెడ్డులో ఉన్నవాళ్లకి జాగ్రత్త చెప్పడమే దాని పని, అంతకు మించి ఏమీ లేదు. కానీ బయట జనం ఊరుకుంటారా? గ్యాసు షెడ్డు హారన్ మోగిందంటే కాసేపట్లో కరెంటొస్తుందన్నమాట. ఆడవాళ్లు రుబ్బుకోవాల్సిన పప్పు గ్రైండర్లో పోసి కూర్చునేవాళ్లు. ఇస్త్రీ బండి పెట్టుకున్నవాడు బొగ్గుల పెట్టె పక్కనపెట్టి కరెంటు పెట్టె తీసేవాడు. టిఫిన్ సెంటరు ముందు కుర్రాళ్లు "హారనయ్యింది, ఫోన్లు చార్జింగుకి పెట్టేయండ్రా" అని కేకలేసేవాళ్లు. అన్నేళ్లలో హారన్ మోగి కరెంటు రాని సాయంత్రం ఒక్కటి కూడా లేదు.

అందరికంటే ఎక్కువ ఆ మోత కోసం కాచుకునేది రొయ్యల రైతులు. ఆ షెడ్డు వెనక ఒకప్పుడు వరి చేలు. ఇప్పుడన్నీ చెరువులే, కనుచూపు మేర కట్టలూ నీళ్లూ. రొయ్యల చెరువులో నీళ్లని చిలికే చక్రాలుంటాయి, ఏరియేటర్లంటారు. అవి తిరుగుతుంటేనే నీళ్లలోకి గాలి కలుస్తుంది. చక్రాలు ఎక్కువసేపు ఆగాయా, రొయ్య ఊపిరాడక చస్తుంది. అందుకని కరెంటు పోగానే రైతులు కట్ట మీద డీజిలింజన్లు వేస్తారు. డీజిలు ధర మీకూ తెలుసు, నాకూ తెలుసు. అది డబడబా కొట్టుకుంటుంటే రైతు గుండె కూడా దాంతోపాటే కొట్టుకుంటుంది. కాబట్టి గ్యాసు షెడ్డు హారన్ వినపడ్డమే తరువాయి, డీజిలింజను ఆపేసి, స్విచ్చి కరెంటు వైపు తిప్పేసేవాళ్లు. కాసేపటికి కరెంటొచ్చి చక్రాలు వాటంతటవే తిరిగేవి. ఆ కాస్త ఆలస్యానికి రొయ్యకేమీ కాదు.

హారన్ కొట్టాక ఇంజను తిప్పే లోపు ఆ కాస్త వ్యవధి ఉంటుందన్నానా, అప్పుడు దేవసహాయం కిటికీ తెరిచి నిలబడేవాడు. చెరువుల మీద డీజిలింజన్లు ఒక్కొక్కటే ఆగిపోవడం వినేవాడు. ముందు భూషణం చెరువు, తర్వాత ఆ పక్కది, ఆ తర్వాత కాలవ అవతలివి. చివరగా మూల చెరువు, వీరాంజనేయులుది. అన్నీ ఆగిపోయి పొలాల మీద నిశ్శబ్దం పరుచుకునేది. తన మాట మీద ఇంతమంది ఇంజన్లు ఆపేస్తున్నారన్న సంగతి ఆయనకి జీతం కంటే ఎక్కువ. ఆ సంతోషం ఆనందమ్మకి కూడా చెప్పుకోలేదు, సిగ్గేసి.

ఈ పిచ్చి ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. దేవసహాయానిది దివిసీమ, నాగాయలంక దగ్గర పల్లె. డెబ్బై ఏడు ఉప్పెన నాటికి చిన్నవాడు. ఆ కథ దివిసీమలో ఏ గడప తొక్కినా చెప్తారు, నేను మళ్లీ చెప్పను. వాళ్లింట్లో ఆయనా, వాళ్లమ్మా మిగిలారు, అంతే. తర్వాత బందరు మిషను హాస్టల్లో చదువు, ఐటీఐ, గుడివాడ రైసు మిల్లులో ఇంజను దగ్గర పని, ఆనందమ్మతో పెళ్లి, ఆ తర్వాత ఈ షెడ్డు. వాళ్లమ్మ బతికున్నన్నాళ్లూ ఒక్కటే మాట అనేది. "ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడొచ్చి కేకేసినా బాగుండేదిరా. ఎవడూ కూత పెట్టలేదు." ఆ మాట వింటూ పెరిగినవాడి చేతికి ఒక హారన్ మీట దొరికితే వాడు దాన్ని ఎలా చూసుకుంటాడో మీరే ఆలోచించండి.

మొదట్లో ఆ హారన్ షెడ్డు లోపల గోడకుండేది. బయటికి వినపడేది గానీ మూల చెరువు దాకా వెళ్లేది కాదు. వీరాంజనేయులు ఒకసారి గేటు దగ్గరికొచ్చి అన్నాడు.

"బావా, అందరూ ఇంజన్లు ఆపుకుంటున్నారు, నాకొక్కడికే నీ మోత అందట్లేదయ్యా. ఎదురుగాలైతే అసలు వినపడదు. దాన్ని కాస్త పైకెక్కించకూడదూ?"

వీరాంజనేయులు దేవసహాయానికి చుట్టమేం కాదు. కులం వేరు, మతం వేరు. ఆ రోడ్డు మీద టీ తాగే దగ్గర పరిచయమై, బావా అంటే బావా అనుకున్నారు. అప్పటి నుంచి నిజం బావల కంటే ఎక్కువైపోయారు. చెరువులో రొయ్యలు పట్టే రోజు, అదే పట్టుబడి, వచ్చిన ప్రతిసారీ మొదటి బుట్టలోంచి ఇన్ని రొయ్యలు తీసి సంచిలో పోసి తెచ్చి గేటు దగ్గర ఇచ్చేవాడు. "మా చెల్లెమ్మని వేపుడు చెయ్యమను, నేనూ వస్తా" అనేవాడు, వచ్చేవాడు కూడా. అలాంటివాడు అడిగితే దేవసహాయం కాదంటాడా? ఆదివారం చర్చి అయ్యాక తనే నిచ్చెన వేసుకుని ఎక్కి, హారన్‌ని రేకుల మీద ఇనప గొట్టానికి బిగించి, మూతి చెరువుల వైపు తిప్పాడు. అంతకు ముందు ఒక్క కూతే. అప్పటి నుంచి మూడు పొడుగు కూతలు. పై ఇంజినీరు చూసి, "ఏంటయ్యా ఇది, రైలు స్టేషనా?" అని నవ్వేసి వెళ్లిపోయాడు. ఆ వారం నుంచే ఊళ్లో ఆయన పేరు హారన్ దేవసహాయం అయిపోయింది. బందరు కోనేరు సెంటర్లో కూరగాయలు కొంటుంటే ఎవరో ఒకరు "ఏం హారన్ గారూ, ఇవాళ ఉందా మోత?" అనేవాళ్లు. పైపళ్లు రెండూ బయటపడేలా నవ్వేవాడు.

కిందటేడు నుంచి గ్యాసు ఒత్తిడి తగ్గుతూ వచ్చింది. బావి పాతబడింది, కొత్త బావి నుంచి గొట్టం వేస్తామన్నారు, వేస్తూనే ఉన్నారు. రెండు ఇంజన్లలో ఒకటి విప్పి పరిచారు, సామాన్లు రావాలట. ఉన్న ఒక్కటీ తిప్పగానే అందుకునేది కాదు, దగ్గేది. ఒకటి రెండుసార్లు దగ్గి అందుకునేది. ఒత్తిడి చూపించే మీటరు ముల్లు రోజురోజుకీ కిందికి దిగడం దేవసహాయం చూస్తూనే ఉన్నాడు, పైవాళ్లకి చెప్తూనే ఉన్నాడు, వాళ్లు చూద్దామంటూనే ఉన్నారు. కానీ, ఇక్కడే అసలు సంగతి, ఆయనా నమ్మలేదు. ఇన్నేళ్లు అందుకున్న ఇంజను ఇవాళ ఎందుకు అందుకోదు అనుకునేవాడు.

ఆ భాద్రపదంలో ముసురు పట్టింది. సూర్యుడి మొహం చూసి ఎన్నాళ్లయిందో. అలాంటి వాతావరణంలో రొయ్యల చెరువు పసిపిల్లతో సమానం, క్షణం వదలకూడదు. వీరాంజనేయులు చెరువు పట్టుబడికి వచ్చింది. అంతకు ముందు రెండు పంటలు తెల్లమచ్చ తెగులొచ్చి పోయాయి. ఈ పంట చేతికొస్తే చెరువు ఉంటుంది, లేకపోతే కౌలు వదులుకుని, భార్య రాజ్యలక్ష్మినీ, గుడివాడ హాస్టల్లో చదివే కూతురు హాసినినీ తీసుకుని ఊరొదిలి పోవడమే. ఆ సంగతి చెరువుల మీద అందరికీ తెలుసు. రొయ్య మాత్రం బ్రహ్మాండంగా ఎదిగింది. ఆ రోజు మధ్యాహ్నం గేటు దగ్గర ఆగి, అరచేతిలో ఒక రొయ్యని పెట్టి చూపించాడు. అది ఇంకా తోక కొడుతోంది.

"చూడు బావా, ఎలా ఉందో! ఎల్లుండి పట్టుబడి. సాయంత్రం గుడివాడెళ్లి కొనేవాడితో మాట్లాడి, ఐసూ బండీ ఖాయం చేసుకొస్తా. రాజ్యలక్ష్మి కూడా వస్తానంటోంది, హాసినిని చూడాలని. హాస్టల్లో తిండి బాలేదంట, పిల్ల చిక్కిపోయిందని ఒకటే గోల."

"మరి చెరువో?"

"నువ్వున్నావుగా! కరెంటు పోతే ఇంజను వేసి కాసుకుని కూర్చుంటా. నీ మోత వినపడగానే ఆపేసి బయల్దేరతా. నీ కరెంటు ఉన్నంతసేపట్లో వెళ్లొచ్చెయ్యనూ?"

ఆ మాట మామూలుగానే అన్నాడు, దేవసహాయం మామూలుగానే తలూపాడు.

సాయంత్రం కరెంటు పోయింది. చెరువుల మీద డీజిలింజన్లు మొదలయ్యాయి. విజయవాడ నుంచి ఫోనొచ్చింది. దేవసహాయం ముల్లు చూశాడు. ఉండాల్సిన దానికి కొంచెం కిందుంది, నిన్నా అంతే ఉంది. హారన్ మీట నొక్కాడు. మూడు పొడుగు కూతలు. కిటికీ తెరిచాడు. సన్నటి వానలో భూషణం ఇంజను ఆగింది, పక్కది ఆగింది, కాలవ అవతలివి ఆగాయి. చివరగా మూల చెరువు ఆగింది. కాసేపటికి కట్ట మీద నుంచి మోటారుసైకిలు లైటు ఒకటి రోడ్డెక్కి గుడివాడ వైపు వెళ్లింది.

ఇంజను తిప్పాడు. దగ్గింది. మళ్లీ దగ్గింది. అందుకుంది, గదంతా ఒక్కసారి అదిరింది, అమ్మయ్య అనుకునే లోపల చప్పగా ఆగిపోయింది.

గేటు వాచ్‌మన్ యలమంద తల లోపలికి పెట్టాడు. "ఏమైంది సార్?"

"ఏం లేదు. మళ్లీ వేస్తా."

మళ్లీ వేయాలంటే మళ్లీ హారన్ కొట్టాలి. అది రూలు. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఇంజను వేస్తున్నానని చెప్పడానికి హారనుంది. ఇంజను పడలేదు, కరెంటు రావట్లేదు, మీ ఇంజన్లు మీరు వేసుకోండి అని చెప్పడానికి ఏ హారనూ లేదు. అలాంటి కూత ఒకటి పెట్టుకోవాలని ఇన్నేళ్లలో ఏ ఒక్కరికీ తట్టలేదు, ఎందుకంటే అవసరం రాలేదు. దేవసహాయం మీట మీద చెయ్యి పెట్టి ఒక్క క్షణం తటపటాయించాడు. నొక్కాడు. మూడు పొడుగు కూతలు ముసుర్లోంచి చెరువుల మీదకి వెళ్లాయి. ఆలస్యమైంది గానీ వచ్చేస్తోంది, కాస్త ఓపిక పట్టండి అన్నట్టే విన్నారు అందరూ. తిరిగి వేద్దామని డీజిలింజను హ్యాండిలు పట్టుకున్న ఒకరిద్దరు కూడా వదిలేశారు.

ఇంజను దగ్గింది, ఆగింది.

వీరాంజనేయులుకి ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. వానలో బండి మీద పోయేవాడి జేబులో ఫోన్ మోగితే వినపడుతుందా? యలమంద గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"సార్, నేనెళ్లి చెరువుల మీద చెప్పి రానా? ఆ మూల చెరువాయన ఊరెళ్లాడు గదండీ. నేనే చూశా బండి."

ఆ మాటకి ఔనంటే సరిపోయేది. ఔను వెళ్లు, పరిగెత్తు అంటే సరిపోయేది! కానీ కరెంటు రాదు అని ఊళ్లోకి మనిషిని పంపడం దేవసహాయానికి చేతకాలేదు. ఇన్నేళ్లలో ఆ మాట ఆయన నోట రాలేదు. ఎలా అంటారో కూడా తెలియదు.

"అక్కర్లేదు. ఈసారి అందుకుంటుంది చూడు."

మూడోసారి హారన్ కొట్టాడు. ఈసారి ఇంజను దగ్గను కూడా లేదు. ముల్లు పడిపోయింది.

గ్యాసు కట్టేసి, గొట్టంలో మిగిలింది గాల్లోకి వదిలేసి, విజయవాడకి చెప్పి గానీ కదలడానికి లేదు. ఆ కంగారులో యలమందని ముందు పంపాలని కూడా తోచలేదు. అవన్నీ చేసేసరికి బాగా చీకటి పడింది. అప్పుడు పరిగెత్తాడు. వెనక యలమంద టార్చి పట్టుకుని పరిగెత్తాడు. కట్టలన్నీ బురద. భూషణం చెరువు మీద డీజిలింజను మళ్లీ కొట్టుకుంటోంది, పక్కన కూడా, కాలవ అవతల కూడా. చక్రాలు తిరగకపోయేసరికి కట్ట మీదున్నవాళ్లు ఉండి ఉండి తిట్టుకుంటూ వేసుకున్నారు. మూల చెరువు మీద మాత్రం చప్పుడు లేదు. స్విచ్చి కరెంటు వైపే తిప్పి ఉంది. డీజిలు దొంగతనాల భయానికి ఇంజను గదికి తాళం వేసి ఉంది. తాళంచెవి గుడివాడలో వీరాంజనేయులు జేబులో ఉంది.

రాయి తీసుకుని తాళం మీద కొట్టాడు. చేతివేళ్ల మీద పడింది, చూసుకోలేదు. తాళం ఊడింది. హ్యాండిలు తిప్పితే డీజిలింజను మొదటి తిప్పుకే అందుకుంది. చక్రాలు నీళ్లని చిలకడం మొదలుపెట్టాయి. దేవసహాయం కట్ట మీద చతికిలబడి, "ప్రభువా, ప్రభువా" అనుకున్నాడు. ఆ పక్క నుంచి భూషణం వచ్చాడు. యలమంద చేతిలో టార్చి తీసుకుని నీళ్ల మీద వేశాడు. కట్ట వార ఎర్రటి కళ్లు, వేల కళ్లు, గాలి కోసం పైకొచ్చి మెరుస్తున్నాయి. కొన్ని ఎగిరి గట్టున పడుతున్నాయి. ఎక్కువ భాగం అసలు కదలట్లేదు.

"హారన్ ఎందుకేశావయ్యా?" అన్నాడు భూషణం. మెల్లగా మొదలుపెట్టి గొంతు పెంచాడు. "పడదని తెలిసినప్పుడు ఎందుకేశావు? ఒకసారి కాదు, మూడుసార్లు! నీ నోట్లో మన్ను పడ, మూడుసార్లు కొట్టావు గదయ్యా! నేను కూడా వస్తది వస్తదనుకుంటా కూర్చున్నా. ఇంకాసేపుంటే నాదీ పోయేది."

వాడితో రూలంటాడా?

వీరాంజనేయులూ రాజ్యలక్ష్మీ వచ్చేసరికి వాన కాస్త తెరిపిచ్చింది. బండి ఆపకుండానే దూరం నుంచి కేక వేశాడు.

"ఎవరది, బావా? కరెంటు పోయిందా మళ్లీ? నువ్వొచ్చి వేశావా ఇంజను? బంగారం లాంటి మనిషివయ్యా! ఎల్లుండికి ఖాయం చేసొచ్చా, పెద్ద బండి పంపిస్తానన్నాడు."

దేవసహాయం కట్ట మీద నుంచి లేచాడు. రాజ్యలక్ష్మి బండి దిగి, బురదకాళ్లు కడుక్కోవడానికి నీళ్లలో కాలు పెట్టింది. కాలికి ఏదో తగిలింది. వంగి చేత్తో తీసి చూసింది. ఇంకోటి తీసింది. అలా రెండు చేతుల నిండా పట్టుకుని, మొగుడి వైపు తిరిగి, ఏడవను కూడా ఏడవకుండా, "ఏమండీ, ఇవి కొట్టుకోవట్లేదండీ" అంది.

కబురు పెడితే తెల్లారి కొనేవాడు వచ్చాడు. కుప్పలోంచి ఒకటి తీసి, తలకాయ విరిచి వాసన చూసి, పడేసి, రుమాలుతో చెయ్యి తుడుచుకుని వెళ్లిపోయాడు. కట్ట వెనక గొయ్యి తీసి అన్నీ పూడ్చారు. దేవసహాయం గుడ్డ కట్టిన చేత్తోనే పార పట్టుకుని మధ్యాహ్నం దాకా తవ్వాడు. ఎవరూ ఆయన్ని పొమ్మనలేదు, ఎవరూ పలకరించనూ లేదు. పార పట్టుకోవడం తప్ప ఇంకేం చేయాలో ఆయనకి తెలియలేదు.

పైనుంచి ఇంజినీర్లు వచ్చి అడిగారు. తిప్పిన ప్రతిసారీ హారన్ కొట్టాడు, రూలు ప్రకారమే కొట్టాడు. గ్యాసు లేకపోతే ఆపరేటరు ఏం చేస్తాడు? నీ తప్పేం లేదయ్యా అని భుజం తట్టి వెళ్లారు. చర్చిలో పాస్టరు గారు కూడా అదే అన్నారు, దేవుడి చిత్తమని. దేవసహాయానికి జీవితంలో మొదటిసారి పాస్టరు గారి మీద కోపమొచ్చింది. "దేవుడేం హారన్ కొట్టలేదండీ, నేను కొట్టాను" అని లేచి బయటికొచ్చేశాడు. ఆనందమ్మ వెనకాలే వచ్చింది. ఇంటికెళ్లాక అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. నోరుంది దేనికయ్యా అని ఎన్నేళ్లుగానో అంటున్న మనిషి, ఆ మాట మళ్లీ ఎప్పుడూ అనలేదు.

వీరాంజనేయులు చెరువు వదిలేశాడు. ఉయ్యూరులో చెరుకు తూచే కాటా దగ్గర ఏదో పని చూసుకున్నాడు. హాసిని చదువు ఆపించి ఇంటికి తెచ్చుకున్నారు. వెళ్లిపోయే రోజు సామాన్ల ఆటో గేటు దగ్గర ఆపించి దిగాడు. ఎప్పుడూ సంచితో వచ్చే మనిషి, ఉత్త చేతులతో నిలబడ్డాడు.

"వెళ్తున్నా బావా."

"నన్ను తిట్టు," అన్నాడు దేవసహాయం. "నీకు పుణ్యముంటుంది, తిట్టు బావా. ఇన్ని రోజులైంది, నువ్వొక్క మాటనలేదు. యలమంద వెళ్తానన్నాడు, నేనే వద్దన్నా. తెలుసా నీకు? నేనే వద్దన్నా!"

వీరాంజనేయులు రేకుల మీదున్న హారన్ వైపు చూశాడు.

"తెలుసు, యలమంద చెప్పాడు. ఏమని తిట్టను? దాన్ని పైకెక్కించమంది నేనేగా," అన్నాడు. "చెల్లెమ్మకి చెప్పు, వెళ్లొస్తామని."

ఆటో వెళ్లిపోయింది. రాజ్యలక్ష్మి ఆటోలోంచి ఈ వైపు చూడలేదు.

ఎండాకాలం వచ్చేసరికి కొత్త గొట్టం వేశారు. గ్యాసు బ్రహ్మాండంగా వచ్చింది, విప్పిన ఇంజను కూడా బిగించారు. మళ్లీ షెడ్డు నడిపే మొదటి రోజు ఇంజినీర్లందరూ పొద్దున్నే వచ్చి ముల్లు చూసి, చేతులు కలుపుకుని, మిఠాయి పంచుకుని వెళ్లారు. దేవసహాయం మాత్రం నిచ్చెనెక్కి హారన్ కిందికి దించుదామని చూశాడు. బోల్టులు తుప్పు పట్టి రాలేదు. అప్పుడు చెరువుల మీద తెలిసిన ప్రతివాడికీ ఫోన్ చేశాడు. "సాయంత్రం హారన్ వేస్తా. బల్బు వెలిగేదాకా మీ ఇంజన్లు ఆపకండి. నా మోత నమ్మకండి." అవతల నుంచి అందరూ సరే సరే అన్నారు. భూషణం మాత్రం, "నువ్వు చెప్పాలా?" అని పెట్టేశాడు.

సాయంత్రం కరెంటు పోయింది, విజయవాడ నుంచి ఫోనొచ్చింది. దేవసహాయం మీట నొక్కాడు. మూడు పొడుగు కూతలు. అలవాటు చొప్పున వెళ్లి కిటికీ తెరిచాడు.

భూషణం ఇంజను ఆగలేదు. పక్కది ఆగలేదు. కాలవ అవతలివీ ఆగలేదు. వాళ్లని ఆపొద్దన్నది తనే, అయినా చెవి ఒగ్గి నిలబడ్డాడు. చెరువుల మీద డీజిలింజన్లన్నీ డబడబా కొట్టుకుంటూనే ఉన్నాయి. ఆయన హారన్ మోగాక నిశ్శబ్దంగా ఉన్నది ఒక్క మూల చెరువు వైపే. అక్కడ నీళ్లు లేవు, ఇంజను లేదు, మనిషి లేడు.

"సార్, టైమవుతోందండీ," అన్నాడు యలమంద గుమ్మంలోంచి.

దేవసహాయం కిటికీ మూసి వచ్చి ఇంజను తిప్పాడు. ఒక్క దగ్గు కూడా లేకుండా మొదటి తిప్పుకే అందుకుంది. ఊరంతా లైట్లు వెలిగాయి. ఆయన మీటల ముందు కుర్చీలో కూర్చుని, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. ఇంజను చప్పుడులో అది ఎవరికీ వినపడలేదు.